వాలి ఆగే ఊరు

నాలుగో నెల, 2

చెవిగది పుస్తకంలో ఎడమ పేజీ ఊరిది. ఎవరు వచ్చారు, ఎవరు తూలారు, ఎవరి చెవిలో మందు చుక్క వేశాను అన్నది అక్కడ రాయాలి. కుడి పేజీలో ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళుగా ఖాళీగా వదిలాను. ఇవాళ హైమ వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

హైమ మా ఆఖరి చెల్లెలు. అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు, నాకు ఇరవై రెండు. జడ వేసిందీ అన్నం కలిపి పెట్టిందీ నేనే. ఇప్పుడు దానికి ముప్పై ఎనిమిది. ఒడ్డున పని దొరక్క, సరుకుల పడవ ఎక్కి ఈ నిట్రాడ ఊరికి వచ్చేసింది. ఇక్కడి నాచుకోతలో చేరాలని. ఇనుప నేల మీద కాలు పెట్టగానే వాంతి చేసుకుంది.

"ఏటప్పా ఇది, నేల ఊగతంది?"

మా వైపు అక్కను అప్ప అంటారు. ఇక్కడ ఊరంతా నన్ను పెద్దప్ప అనే పిలుస్తుంది.

"నేల కాదే. నీళ్ళల్లో నిలబెట్టిన ఇనప గొట్టం. ఇరవై రెండు అంతస్తులు. పదమూడు నీళ్ళ కింద."

"మూడేళ్ళు ఎలాగున్నావు మరి?"

"నా చెవులు నిద్దరోయాయి."

అది నవ్వింది. నేను నిజమే చెప్పాను.

నాలుగో నెల, 5

హైమకు ముద్ద లోపలికి పోవడం లేదు. గంజి, ఉప్పు నాలిక మీద రాస్తున్నాను.

దానికి చెప్పినట్టే ఇక్కడా రాస్తాను. మనిషి నిలబడడానికి ముగ్గురు సాక్షులు కావాలి. కన్ను, అరికాలు, చెవి లోపలి తూకం. ముగ్గురూ ఒకే మాట చెబితే మనిషి నిలబడతాడు. ఒకరు వేరే మాట చెబితే తల తిరుగుతుంది, కడుపులో దేవుతుంది. ఈ గొట్టంలో గోడ, నేల, మంచం అన్నీ కలిసి ఊగుతాయి. అందుకని కన్ను ఏమీ కదలడం లేదంటుంది. చెవి కదులుతోందంటుంది. ఇక్కడి జబ్బు ఇదే.

మొదటి ఏడు నాచు కోసేవాడు లేడు. అందరూ బకెట్ల దగ్గరే. అప్పుడున్న డాక్టరు ఈ చుక్క మందు తెచ్చారు. సన్నటి సూదితో కర్ణభేరి దాటించి వేస్తే చెవి తూకం నిద్రపోతుంది. వినికిడి పోదు. ముందు ఒక చెవికి, నెల దాటాక రెండోదానికి. పెద్దదాన్ని నేను వేయించుకుంటే మిగతావాళ్ళకు భయం తీరుతుందని మొదట నేనే వేయించుకున్నాను. ఆయన ఒడ్డుకు వెళ్ళిపోయాక సూది నా చేతికి వచ్చింది. ఊళ్ళో నాలుగు వందల పన్నెండు మందిమి. హైమ తప్ప అందరి చెవులూ నిద్రపోయాయి.

నలభై రోజుల్లో నిలకడ రాకపోతే, చుక్కా వేయించుకోకపోతే, తిరుగు పడవ ఎక్కించేస్తారు.

"ఆ సుక్క ఏసీయి అప్పా," అంది హైమ. "ఒడ్డుకెల్లి ఏటి తింటాను?"

నాలుగో నెల, 9

నాచు కోసే దాలయ్య వచ్చాడు. నడుస్తూ చదివితే అక్షరాలు గెంతుతున్నాయట.

"నా పెళ్ళాం ఉత్తరం రాసింది పెద్దప్పా. మెట్లెక్కతా సదివితే ఒక్క ముక్క నిలబడదు. మా ఇంట్లో అదీ నిలబడదు, దాని రాతా నిలబడదు."

"కూర్చుని చదువుకో."

"కూర్చుంటే నిద్దరొచ్చేస్తాది. అంత పొడుగు రాసింది."

చెవి నిద్రపోయినవాళ్ళందరికీ ఇది ఉంటుంది. తల కదిలితే చూపు వెంట రాదు. ఇంకొకటి కూడా ఉంటుంది. చీకట్లో నడవలేరు. కన్ను మూస్తే మిగిలేది అరికాలు ఒక్కటే. అది చాలదు. అందుకే దీపాలు పోతే ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలని ఊరి నియమం.

నిలబడి కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టి మూడేళ్ళయింది. పడిపోతాను. ఇక్కడ మంట నిషేధం కాబట్టి దీపమూ లేదు. కళ్ళు తెరిచి, మేకుకు వేలాడే తువ్వాలును చూస్తూ, వేలి కణుపుల మీద నామం లెక్కపెట్టుకుంటాను. ఊరు ఊగితే తువ్వాలు గోడ నుంచి కాస్త లేస్తుంది, మళ్ళీ వచ్చి తగులుతుంది. అది ఒకసారి పోయి వచ్చేలోపు ఎనిమిది నామాలు. మొదటి నుంచీ అంతే.

నాలుగో నెల, 15

హైమ ఎడమ చెవికి చుక్క వేశాను. మూడు రోజులు లోకం గిర్రున తిరుగుతుందని ముందే చెప్పాను.

నాలుగో నెల, 18

తిరిగింది. మంచం అంచు రెండు చేతులా పట్టుకుని పడుకుంది. కళ్ళు ఒకే పక్కకు కొట్టుకున్నాయి. నన్ను తిట్టింది, తర్వాత అమ్మను తిట్టింది, తర్వాత నిద్రపోయింది.

నాలుగో నెల, 27

హైమ లేచి గోడ పట్టుకుని నడుస్తోంది. ఒక చెవి ఇంకా మెలకువగా ఉంది కాబట్టి కడుపులో దేవడం తగ్గలేదు.

జపంలో మనసు నిలవడం లేదు. తువ్వాలు పోయి వచ్చేలోపు పదకొండు నామాలు పడుతున్నాయి. చెల్లెలి బెంగతో నామం తొందర తొందరగా అనేస్తున్నాను కాబోలు. దేవుడి పేరు దగ్గర తొందరేమిటి? రేపటి నుంచి నిదానంగా అనాలి.

ఐదో నెల, 3

నిదానించాను. మళ్ళీ ఎనిమిదికి వచ్చింది. మనసు కుదుటపడింది.

ఐదో నెల, 6

కామేశం గారు వచ్చారు. ఊరి నీళ్ళ పెద్ద ఆయనే. ఇరవై ఒకటి, ఇరవై రెండు అంతస్తుల్లో నాలుగు పెద్ద తొట్లు కట్టించారు. కింద అంతస్తుల్లో దాస్తే నీళ్ళకు తుప్పు వాసన వస్తుందని అన్నీ పైనే. మొన్నటి వానలకు నాలుగూ నిండాయి. ఊరు పుట్టాక నాలుగూ నిండడం ఇదే మొదలు.

"వర్ధనమ్మగారూ, గమనించారా? ఊరు కుదురుకుంది. ఇదివరకు గిలక్కాయలా ఊగేది. ఇప్పుడు ఎంత నింపాదిగా ఉందో!"

"మీ ఒంటికి తెలుస్తోందా?"

"ఒంటికేం తెలుస్తుంది, మీరు నిద్రపుచ్చేశారుగా. నా టేబుల్ మీద గ్లాసు చెబుతోంది. నీళ్ళు తొణకడం లేదు."

వెళ్తూ హైమకు కుడి చెవి ఎప్పుడు అని అడిగారు. ఇరవయ్యో తారీకు అన్నాను.

ఐదో నెల, 11

పొద్దున్న హైమకు మళ్ళీ వాంతులు. తల తుడుస్తుంటే అంది:

"అప్పా, నానొచ్చినప్పుడు ఉయ్యాల్లా ఊగీది. పోయీది, ఒచ్చీసీది. ఇప్పుడలగ కాదు. పోతంది. పోయి అక్కడ కూకుంటంది. తిరిగొచ్చే ఆలోసన లేనట్టు. ఆనక ఒస్తంది."

"ఎప్పటి నుంచి?"

"పది దినాలైంది. అక్కడాగినప్పుడే కడుపులో తిప్పేస్తాది."

సూదులు మరగబెట్టేటప్పుడు చూసుకునే గడియారం పెట్టి తువ్వాలును చూశాను. పోయి రావడానికి ఇరవై ఏడు సెకన్లు. పుస్తకం మొదటి పేజీలో డాక్టరు చేతిరాత ఉంది. ఊపుకు పదమూడు సెకన్లు.

నామం తొందరపడలేదు. ఊరే నిదానించింది. నేను నా తప్పు అనుకుని, నామాన్ని సాగదీసి, దాన్ని రెండు వారాలు కప్పిపెట్టాను.

ఐదో నెల, 12

నిదానిస్తే మంచిదే కదా అని ఎవరైనా అంటారు. నేనూ ఒక పూట అలాగే అనుకోవాలని చూశాను.

ఎడమ పేజీలు తిరగేశాను. నిలకడ పరీక్షకని ఈ గదిలో మెత్త మీద కళ్ళు మూసుకుని నిలబడినవాళ్ళు నాలుగు వందల పైచిలుకు. ఒక్కొక్కరూ ఎలా తూలారో రాశాను. గబగబా వణికినవాళ్ళు పడలేదు. నెమ్మదిగా ఒక పక్కకు వాలి, అక్కడ ఒక క్షణం ఆగినవాళ్ళే పడ్డారు. అలా ఆగగానే వెనక నుంచి చేతులు చాపడం నాకు అలవాటు.

మందు గొట్టం అడుగున ఇసుక పోసి, మూత బిగించి, బకెట్‌లో నిలువుగా తేల్చాను. వేలితో తాకితే టకటక ఊగి నిలబడింది. పైన కాస్త మైనం అంటించాను. నిదానంగా ఊగింది. ఇంకాస్త అంటించాను. వాలి, ఆగి, ఆలోచించినట్టే ఉండి, తిరిగి వచ్చింది. మూడోసారి అంటించాక వాలింది. లేవలేదు.

ఐదో నెల, 13

బకెట్ పట్టుకుని కామేశం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు మళ్ళీ చేశాను. చాలాసేపు చూశారు.

"ఎంత నీళ్ళు వదలాలంటారు?"

"రెండు తొట్లు."

"రెండు తొట్లంటే నాలుగు వందల మందికి ఇరవై రోజులు. ఒక మందు గొట్టాన్ని, ఒక తువ్వాలును నమ్మి సముద్రంలో పోసెయ్యనా?"

"హైమ చెవి కూడా చెబుతోంది."

"హైమ ఒక్కతే చెబుతోంది. మిగతా నాలుగు వందల పదకొండు మందికి సుఖంగా ఉంది."

"సుఖంగా ఉండేటట్టు చేసింది నేనే కదండీ."

ఆయన తల దించుకున్నారు. రెండో ఏడు వాన లేక నీళ్ళు అయిపోయినప్పుడు ఆరుగురు పోయారు. అందులో ఆయన తమ్ముడు ఒకరు. పెదాల మీద తడిగుడ్డ పెట్టింది నేనే. ఆ సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తారు.

"వాడు అడిగింది ఒక్క గ్లాసు, వర్ధనమ్మగారూ."

సాయంత్రం ఊరి కార్యవర్గం నుంచి కాగితం వచ్చింది. రోగి ఫిర్యాదు కారణంగా భయాలు వ్యాపిస్తున్నందున కుడి చెవి చుక్క వాయిదా వేయరాదు.

ఐదో నెల, 20

ఎడమ పేజీలో హైమ, కుడి చెవి, చుక్క వేయడమైనది అని రాశాను.

వేసింది ఉప్పునీళ్ళు.

చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు. అది రోజురోజుకూ చిక్కిపోతోంది, మందు కోసం రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఊళ్ళో మిగిలిన ఒక్క సాక్షి నోరు నొక్కడానికి నా చెయ్యి రాలేదు. నేను పెంచిన పిల్లతో నేను ఆడిన మొదటి అబద్ధం ఇది. ఇవాళ జపానికి కూర్చోలేదు.

ఐదో నెల, 23

"ఈమాటు తిరగనేదప్పా," అని హైమ సంబరపడింది. "నాకు అదృష్టం తిరిగింది."

ముప్పై ఒక్క సెకన్లు.

ఐదో నెల, 26

తెలిసిపోయింది. కళ్ళు మూసుకుని మెత్త మీద నిలబడి చూసుకుందట. పడలేదట. దాలయ్యను పిలిచి నిలబెట్టిందట. వాడు కొబ్బరికాయలా పడ్డాడట.

గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏటేసినావప్పా నాకు?"

"ఉప్పునీళ్ళు."

"ఎందుకు?"

చెప్పాను. బకెట్, గొట్టం, మైనం, కాగితం, అన్నీ. అది కూర్చోకుండా విన్నది.

"ఆల్లందరికీ ఏసీసినావు. నాకాడికొచ్చేసరికి ఊరు గుర్తొచ్చిందా?"

"అవును."

"నాను నీకు సెల్లినా, సెవినా?"

కార్యవర్గానికి చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. నా గదిలో పడుకోవడం మానేసింది.

ఐదో నెల, 28

మధ్యాహ్నం రెండింటికి గాలివాన జెండా ఎగిరింది. కరెంటు అడుగున ఉన్న పంపులకు కావాలి కాబట్టి దీపాలు తీసేశారు. చేతి దీపాలు కూడా పంపులవాళ్ళ దగ్గరే ఉంటాయి. చెవిగది పద్నాలుగో అంతస్తు, నీటికి కొంచెం పైన. గుండ్రటి కిటికీ అద్దం లోంచి బూడిద వెలుతురు వస్తుంది. మెట్ల మీద మాత్రం కటిక చీకటి. నాలుగు వందల మంది ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చున్నారు.

నలభై సెకన్లు. తువ్వాలు గోడను వదిలి అక్కడే నిలబడుతోంది.

హైమ గోడ తడుముకుంటూ వచ్చింది. మొహం పాలిపోయింది.

"అప్పా, ఇంక ఒకపాలే తిరిగొస్తాది. దీని తరవాతొచ్చే ఊపుకి రాదేమో."

"ఇరవై ఒకటో అంతస్తులో తొట్ల అడుగున ఎర్ర చక్రాలుంటాయి. రెండు తొట్లవి ఎడమకు తిప్పితే నీళ్ళు సముద్రంలోకి పోతాయి."

"ఎవులు తిప్పుతారు?"

మెట్ల చీకట్లో నడవగలిగేది ఊళ్ళో తానొక్కతే అని దానికీ తెలుసు.

"ఎల్తాను. ఒక మాటియ్యి."

"చెప్పు."

"ఇది ఆగినాక నాకు నిజం మందు ఎయ్యాలి. ఎవులు కాదన్నా."

"వేస్తాను."

"దేవుడి మీద అను."

అన్నాను.

అది వెళ్ళింది. నూట పన్నెండు మెట్లు. నేను కూర్చుని నామం చెప్పుకున్నాను, లెక్క పెట్టలేదు. అద్దం సగానికి సముద్రం ఎక్కింది, దిగలేదు. మందు సీసాలు బల్ల మీద ఒక్కొక్కటే జారి పడ్డాయి. ఆ తర్వాత గోడ అవతల నీళ్ళు దూకుతున్న చప్పుడు. చాలాసేపు వినిపించింది. అద్దం మీది సముద్రం మెల్లగా కిందికి దిగింది.

ఐదో నెల, 29

పద్దెనిమిది సెకన్లు.

ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియలేదు. ప్రమాదం తెలియలేదు, తప్పడమూ తెలియలేదు. తెలిసింది ఒక్కటే, రెండు తొట్లు ఖాళీ. పొద్దున్నే చెవిగది ముందు బిందెలతో నిలబడ్డారు. ఒకామె హైమ మొహం మీద ఖాళీ చెంబు విసిరింది. దాలయ్య అడ్డం నిలబడి, "నన్ను కొట్టండర్రా, నాకు తిరగబడినా తెలీదు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కామేశం గారు అందరూ పోయాక వచ్చారు. ఆయన టేబుల్ మీది గ్లాసు నిన్న జారి పగిలిందట. ముక్కలు గుడ్డలో మూట కట్టి తెచ్చారు. నాకు చూపించారు.

"మనిషికి రోజుకు మూడు గ్లాసులు చేస్తాను," అన్నారు. "పడవ వచ్చేదాకా సరిపోవాలి. ఇకపై రెండు తొట్లే నింపుతాం. మిగతా రెండింటి మూతలకు తాళం వేసి, తాళం చెవి నా నడుముకు కట్టుకుంటాను. ఇది నా మాట."

"మీ గదిలో ఒక తువ్వాలు వేలాడదీసుకోండి," అన్నాను.

ఆరో నెల, 4

వాన లేదు. అందరి పెదాలూ పగిలాయి. ఇవాళ పొద్దున్న హైమ వచ్చి బల్ల మీద కూర్చుని, జుట్టు పక్కకు తీసి, కుడి చెవి నా వైపు తిప్పింది.

"మాటిచ్చినావు."

"ఇంకొక్క నెల ఆగవా?"

"ఆగను. పురిటాలి కన్నా కనాకష్టంగున్నాను. నాకు ముద్ద దిగాల."

నామం అనుకుంటూ ఆలోచించాను. ఊపును చూడడానికి చెవే అక్కర్లేదు. తువ్వాలు, గడియారం, చూసే ఓపిక ఉంటే చాలు. మూతలకు తాళాలున్నాయి. కామేశం గారి మాట ఉంది. దేవుడి మీద నేనన్న మాట ఉంది. ఒకసారి దాన్ని మోసం చేశాను. రెండోసారి చేయలేకపోయాను.

వేశాను. నిజం మందే. ఎడమ పేజీలో రాశాను. ఇరవయ్యో తారీకు రాసిన అబద్ధాన్ని కొట్టేసి, పక్కన నా సంతకం పెట్టాను.

ఆరో నెల, 5

హైమకు లోకం తిరుగుతోంది. ఈసారి తిట్టడం లేదు. నా చీర కొంగు పట్టుకుని పడుకుంది.

మధ్యాహ్నం వాన మొదలైంది. చినుకు కాదు, కుండపోత. ఊరు ఊరంతా దీపాలుండగానే పై కప్పుకు ఎక్కేసింది. ఇనుప గోడల్లోంచి కేకలు, ఈలలు, బిందెల మోత ఇక్కడికి వినిపిస్తున్నాయి. వారం రోజుల దాహం. ఆ సంతోషం విని నేనూ ఒక నిమిషం నవ్వుకున్నాను.

తర్వాత గాలి లేచింది. జెండా ఎగిరింది. దీపాలు పోయాయి.

అద్దం వెలుతురులో రాస్తున్నాను. పైన ఒక తొట్టి మూత తెరిచారు, ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు. కాసేపటికి రెండోది. అవి రెండూ ఒప్పుకున్నవే.

ఇప్పుడు సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఎవరో తాళం పగలగొడుతున్నారు. కామేశం గారి గొంతు కాబోలు, వద్దు వద్దు అని ఒకటే అరుపు. దాని మీద వంద గొంతులు.

మూడో మూత తెరుచుకుంది.

హైమ కళ్ళు తెరిచి లేవబోయింది, మంచం పక్కన పడింది. ఎత్తి పడుకోబెట్టాను.

"నానెల్తానప్పా."

"నువ్వెళ్ళలేవు."

"నువ్వు మాత్రం ఎలగెల్తావు? సీకటి గదా. పడిపోతావు."

"నిలబడితే కదా పడడం," అన్నాను.

పుస్తకం దాని తల కింద పెడుతున్నాను. నూట పన్నెండు మెట్లు. మోకాళ్ళ మీద, చేతులతో తడుముకుంటూ ఎర్ర చక్రాల దాకా ఎక్కుతాను.